బోర్డు మీద తాత పేరు

ఆ రోజుల్లో, రాసిన ప్రోగ్రామును కంప్యూటర్ భాషలోకి మార్చే కంపైలర్ అంటే నాకు మా అమ్మతో సమానం. ఏది ఎక్కడ పెట్టాలో అదే చూసుకుంటుందని ధీమా. మైలాపూరులో కొత్త ఉద్యోగం, గో అనే భాషలో ప్రోగ్రాములు రాయడం. ఫంక్షన్ అనే ప్రోగ్రాం ముక్క పని ముగించుకుని వెళ్లిపోయాక, అది లోపల రాసుకున్న పేరు బయట ఎవరికైనా కావాలా అని ఆ కంపైలరే ఆరా తీస్తుంది. అక్కర్లేదంటే స్టాక్ అనే తాత్కాలిక జాగాలో, కావాలంటే చెదరకుండా హీప్ అనే నిలవ జాగాలో పెడుతుంది. సీ భాషలో ఆ మర్యాదలు లేవు. (సీ కంపైలర్ హెచ్చరిస్తుంది, పాపం. చిరాకేసి ఆ హెచ్చరికలు నేనే ఆపేశాను.)

ఆ తెలివితోనే తొండియార్‌పేటలో మా మామ నడిపే మిరపకాయల టోకు కొట్టుకు, కొన్నవాళ్లలో మూటలు తీసుకెళ్లే వంతు ఎవరిదో చూపే బోర్డుకోసం సీలో ప్రోగ్రాం రాసిచ్చాను. కొట్టు పెట్టింది చనిపోయిన మా తాత. పొద్దున తలుపు తీసినా, భోజనాలయ్యాక మళ్లీ తీసినా ముందు ఆయన పేరు వెలగాలి, తరువాతే బేరం. అది ఆ ఇంటి ఆచారం.

మొదటిరోజు మధ్యాహ్నం తాత పేరు వెలిగి ఆరింది. వెంటనే, కొనేవాళ్ల పేరు రావలసిన చోట, "తరువాత" అని మళ్లీ తాత పేరే! ఎర్రటి అక్షరాలు కదలకుండా మమ్మల్నే చూస్తున్నాయి. మరునాడూ అదే వేళకు అదే పేరు.

"అయ్యో సామీ, ఆయన మూట నేనెత్తను," అని కూలీ వీధిలోకి పరుగు తీశాడు.

గల్లాపెట్టె పక్కన కూర్చునే మా అవ్వ మాత్రం కదల్లేదు. "నన్ను పిలవను వచ్చుండాడు," అని ఆ పూట నుంచి అన్నం మానేసింది. అసలే చక్కెర జబ్బు మనిషి, కళ్లు తిరిగి పడిపోయింది.

"ఒరే ఇంజనీరూ, మా అమ్మకేమన్నా అయిందో, నిన్ను ఆ బోర్డుకే వేలాడదీస్తా!" అన్నాడు మామ.

భయంతో వెతికితే దొరికింది. భోజనాలకు మూసేముందు, తరువాత రావలసిన కొనేవాళ్ల పేరు రాసిన ఫంక్షన్ వెళ్లిపోగానే స్టాక్‌లో దాని జాగా ఖాళీ అయింది. మళ్లీ తలుపు తీయగానే ఆచారం కోసం వచ్చిన తాత పేరు అందులోనే దిగింది. బోర్డేమో ఆ పాత జాగాకే వెళ్లి, ఉన్నది చదివింది.

"అవ్వా, అది తాత కాదు. ఒకరు ఖాళీ చేసిన గదిలో ఇంకొకరు దిగినారు, అంతే. ఇంక కొనేవాళ్ల పేరు హీప్‌లో పెడతా. కావాల్సినంత సేపు ఆడనే ఉంటుంది."

"కావాల్సినోళ్లుంటే పోదా?"

"పోదు."

"నాకు కావాలి గదరా అబ్బయా."

అయినా దిద్దాను. మరునాడు తాత తరువాత సరైన పేరే వచ్చింది. మామ వీపు తట్టాడు. అవ్వ నాలుగు ముద్దలు తిని, ఎంగిలిచేత్తోనే బోర్డుకేసి చాలాసేపు చూసింది.

"ఈ పొద్దు నన్ను పిలవలేదేరా?"

తప్పు దిద్దానని కాలరెగరేసి నిలుచున్న ఆ కుర్రవాణ్ణి తలచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. "ఇంకో ముద్ద తినవ్వా," అన్నాడు, వెధవ.