ముద్ద పెట్టని పెద్దమనిషి

ఈ పొద్దున సూర్యాపేటలో టీ తాగుతుంటే పేపర్లో ఒక ఫొటో కనబడింది. బ్రెజిల్‌లో మన ఒంగోలు జాతి పశువులను వేలల్లో పెంచే ఒక ఆసామికి ఏదో బిరుదు ఇచ్చారట, పశుజాతిని ఉద్ధరించాడని. నోట్లో టీ చేదైంది. ఆయన సంగతి నాకు బాగా తెలుసు మరి.

పశువైద్యంలో పరిశోధనకని నేను ఆ దేశంలో ఉన్న రోజుల్లో అలాంటి ప్రముఖులను చాలామందిని చూశాను. ఒకాయన గోడ నిండా బంగారు ఫ్రేముల్లో ఎద్దుల ఫొటోలు పెట్టుకున్నాడు గానీ పెళ్లాం ఫొటో ఒక్కటీ లేదు. ఈయనైతే అందరినీ మించినవాడు. విందుకు పిలిచి, మీ దేశంవాళ్లకు పశువు విలువ తెలియదనీ, ఆ జాతిని నిలబెట్టింది తామేననీ భోజనం అయ్యేదాకా చెప్పాడు. పళ్లెంలో ఉన్నదీ ఆ జాతే. నేను అన్నం, చిక్కుడు గింజలతో సరిపెట్టుకున్నాను.

నేను తిరిగొచ్చిన కొన్నేళ్లకు ఆ మహానుభావుడు మన దేశం చూడటానికి వచ్చి, నన్ను వెంటబెట్టుకుని మిర్యాలగూడ, కోదాడ తిరిగాడు. ఎక్కడికెళ్లినా శాలువాలే. తెల్లతోలు కనబడితే చాలు, మనవాళ్లకు ఒళ్లు తెలియదు. మునగాలలో మా మేనమామకు ఒక కోడె ఉండేది. ట్రాక్టర్ వచ్చాక అది దండగ, సంతకు తోలదామని ఆయన కొడుకు పోరు పెడుతున్నాడు. మామకు అది ప్రాణం. చివరికి ఇద్దరూ ఒక ఒప్పందానికి వచ్చారు: ఈ దొర కోడె బాగుందంటే ఉంచాలి, లేదంటే అమ్మాలి. దొర మాట మీద మామకు అంత గురి!

మామ ఇంట్లో ఒక పద్ధతి ఉంది. కోడెను చూడవచ్చినవాళ్లు ముందు దానికి చేత్తో తవుడు ముద్ద పెట్టాలి, ఆ తర్వాతే మంచిచెడ్డలు మాట్లాడాలి. దొరను అక్కడికి తీసుకెళ్లగానే మామ ముద్ద చేసి ఆయనకు అందించాడు. అన్ని వేల పశువుల యజమాని వెనక్కి జరిగి, చేతులు రెండూ జేబుల్లో దాచుకున్నాడు. దూరం నుంచే చూసి, ఒంటి మీద మాంసం చాలదు, ఇది పనికిరాదని తేల్చేశాడు. ఉన్నదున్నట్టు మామకు చెప్పాను. మామ ముఖం మాడిపోయింది.

“నాయినా, ఇన్నవ్ గదా? ఇగ అమ్ముదాం,” అన్నాడు కొడుకు.

మామ ఆ ముద్దను తానే కోడెకు తినిపించి, చేయి కడుక్కుని నా వైపు తిరిగాడు.

“అల్లుడా, ముద్ద పెట్టనీకె భయపడేటోడు చెప్తే నా కోడె సంతకు పోతదా? ఆయనను కార్ల కూసోపెట్టు. ఎండకు పరేషాన్ అయితుండు.”

ఆ గొంతు విన్నాక కొడుకు మళ్లీ అమ్మకం మాట ఎత్తలేదు. కోడె ఆ కొట్టంలోనే ముసలిదై కన్నుమూసింది. కొన్నాళ్లకు మామా పోయాడు. కాలం గడిస్తే కోపాలు చల్లారతాయని అందరూ అంటారు. ఈ కోపం చల్లారలేదు, నేను చల్లారనివ్వను.