అక్క బీరువా, తమ్ముడి బేస్ గిటార్

రాక్ బ్యాండులో బేస్ గిటార్ వాయించేవాడి బతుకు చిత్రమైనది. వాయిస్తున్నంతసేపూ వాడొకడున్నాడని ఎవరికీ తట్టదు. పాడేవాళ్ళకి చప్పట్లు, లీడ్ గిటార్ వాడికి ఈలలు. డ్రమ్ములవాడికైతే చెమట తుడుచుకోమని జనమే తువ్వాళ్ళు విసురుతారు. నాలుగు లావుపాటి తీగలతో ఒక పక్కగా నిలబడ్డ మనిషిని చూసి "అరే, ఈయన కూడా ఏదో వాయిస్తున్నాడే!" అన్నవాళ్ళు పుణ్యాత్ములు. అలాంటి ఒకాయన కథ ఇది. బ్యాండువాళ్ళు ఆయన్ని నిదానం అని పిలుస్తారు. బస్సు కదిలిపోతున్నా పరిగెత్తడు, కోపమొచ్చినా గొంతు పెంచడు, డ్రమ్ములవాడు ఉత్సాహం పట్టలేక ఉరుకుతున్నా తను మాత్రం ఉరకడు. బ్యాండులో ఆయన పని కూడా అదే మరి!

కడుపు నింపే పని వేరే ఉంది. కళ్ళజోళ్ళ దుకాణం వెనకగదిలో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగిస్తాడు. సానరాయి తిరుగుతూ ఒకటే గుయ్యిమంటుంటే దానికి జోడుగా గొంతులోనే ఏదో కూనిరాగం తీస్తుంటాడు. దుకాణం యజమానురాలు తలుపు తోసి, "మిషనుకి జబ్బు చేసిందా, నీకా?" అని అడిగి పోతుంటుంది. సాయంత్రమైతే గిటార్ భుజాన వేసుకుని బ్యాండుకి. ఇండీ బ్యాండు అంటారు వాళ్ళది. వెనక పెద్ద కంపెనీ ఏదీ ఉండదు. పాట వాళ్ళే కట్టుకోవాలి, వాళ్ళే పాడుకోవాలి, స్పీకర్లు కూడా వాళ్ళే మోసుకోవాలి. నడుము నొప్పులకి మందు పూసుకునేదీ వాళ్ళే.

ఈ పిచ్చి ఆయనకి పద్దెనిమిదో ఏట పట్టింది. అప్పట్లో మేడ మీద ఒక వాటాలో అక్కా, ఆయనా ఉండేవాళ్ళు. బేస్ గిటార్ ఎవరో వాడి వదిలేసింది దొరికింది గానీ, దాన్ని కరెంటు పెట్టి మోగించే ఆంప్లిఫయరు లేదు. ఉన్నా కింది వాటావాళ్ళు ఊరుకునేలా లేరు. కరెంటు లేని బేస్ గిటార్ వాయిస్తే ఏం వినిపిస్తుంది? దోమ ఆవలించినంత. ఒకరోజు విసుగొచ్చి గోడకి ఆనుకోబోయి, గిటార్ తల పక్కనున్న చెక్క బీరువాకి ఆనించాడు. అంతే! బీరువా మొత్తం గుమ్మని మోగింది. గుండెల్లోకి దిగే మోత. ఆ రోజునుంచి బీరువా తలుపే ఆయన ఆంప్లిఫయరు.

చిక్కల్లా ఏమిటంటే, అది అక్క బీరువా.

అక్కకి చిన్నప్పుడు జ్వరం వచ్చి చెవులు బాగా దెబ్బతిన్నాయి. చెవిలో మిషను పెట్టుకుంటే ఎదుటివాళ్ళ మాట కొంత వినిపిస్తుంది, మిగతాది పెదాలు చూసి పట్టేస్తుంది. పాటలు మాత్రం ఆవిడకి రేకుల మీద రాళ్ళు పడ్డట్టే. "నాకది గోలరా, నన్ను రమ్మనకు" అని ఆయన వాయించే ఒక్క కచేరీకీ వచ్చింది కాదు. పైకి నవ్వేసేవాడు గానీ, నిదానానికి లోపల చివుక్కుమనేది. ఉన్న ఒక్క అక్కా తన వాయింపు వినలేదన్న బాధ అలాగే ఉండిపోయింది.

అది చాలదన్నట్టు, ఆయన బీరువాకి గిటార్ ఆనించి కూర్చోగానే అక్క వచ్చి వాలేది. ఒక తలుపుకి గిటార్ ఆనించి ఉంటే, రెండోది తెరుచుకుని బట్టలు మడతపెట్టడం మొదలుపెట్టేది.

"ఇప్పుడే గుర్తొచ్చాయా బట్టలు?" అనేవాడు తమ్ముడు.

"నా బీరువా, నా బట్టలు, నా ఇష్టం. నువ్వు నీ పని చూసుకో."

"మడతపెట్టినవే మళ్ళీ మడతపెడుతున్నావు కదే!"

"సరిగ్గా రాలేదులే. నీ పాటలాగే."

తమ్ముడు తల వంచుకుని మళ్ళీ మొదటినుంచి వాయించేవాడు.

బ్యాండు మొదటి ఆల్బమ్ ఆ బీరువా సాక్షిగానే తయారైంది. పెద్ద స్టూడియోకి పోయే తాహతు లేక, పాడే అమ్మాయి ఒక మైకు తెచ్చి, బీరువాలో రగ్గుల మధ్య పెట్టి, బేస్ అంతా అలాగే రికార్డు చేసింది. ఆ ఆల్బమ్‌కి పేరొచ్చింది. లోకం దద్దరిల్లిపోయే పేరేం కాదు, కాలేజీల్లో, కాఫీ షాపుల్లో, చిన్న చిన్న హాళ్ళలో నలుగురూ వినే పేరు.

తర్వాత అక్కకి పెళ్ళయింది. ఊరికి అటు చివర కాపురం. ఆ కొత్తింట్లో గోడలోనే రెండు అలమారాలున్నా, బీరువా లేకుండా కదలనని అక్క భీష్మించుకుంది.

"నా ఆంప్లిఫయరు పట్టుకుపోతోంది, బావా, మీరైనా చెప్పండి!" అని నిదానం జీవితంలో మొదటిసారి గొంతు పెంచాడు.

"మీ అక్కకి చెప్పేంత మొనగాడినైతే నేనిలా ఉంటానా బావమరిదీ?" అన్నాడు కొత్త బావ, బీరువాకి ఒక కొస పట్టుకుని ఆయాసపడుతూ.

నిదానం మొహం మాడ్చుకుని నిజమైన ఆంప్లిఫయరు కొనుక్కున్నాడు. ఏళ్ళు గడిచాయి. వ్యాను ఎక్కీ దిగీ జుట్టు పలచబడింది, పొట్ట ముందుకొచ్చి గిటార్ కొంచెం ఏటవాలుగా కూర్చుంది. అయినా వారానికో చోట వాయిస్తూనే ఉన్నాడు. అద్దాలు అరగదీయడం మానేయమంటే రేపే మానేస్తాడు గానీ, గిటార్ దించమంటే ఆయన బతకలేడు. ఇది అతిశయోక్తి కాదు, మనిషి అంతే.

సరిగ్గా ఆ గిటారుకే ఎసరు వచ్చింది. ఇన్నేళ్ళకి బ్యాండు కొత్త ఆల్బమ్ పెట్టుకుంది. ఈసారి సిసలైన స్టూడియో, గోడలనిండా మెత్తలు, తల తిప్పితే మీటలు. రికార్డింగ్ చూసే ఆయన్ని అందరూ సౌండాయన అంటారు. సౌండాయన నిదానం వాయించింది విన్నాడు, తల గోక్కున్నాడు, పాత ఆల్బమ్ పెట్టి విన్నాడు, మళ్ళీ గోక్కున్నాడు.

"అందులో బేస్ కడుపులోంచి వస్తోంది సార్. ఇందులో ఉప్పు లేని కూరలా ఉంది. అప్పుడు ఏ ఆంప్ వాడారు?"

ఇంత పెద్ద స్టూడియోలో కూర్చుని బీరువా అని చెప్పడానికి నిదానానికి నోరు రాలేదు. "ఏదో పాతది, ఇప్పుడు లేదు" అనేశాడు. ఆంప్లిఫయర్లు మార్చారు, తీగలు మార్చారు, కుర్చీ కూడా మార్చారు. ఊహూఁ. చివరికి పాడే అమ్మాయి ఆయన్ని బయటికి పిలిచింది. అమ్మాయి అంటున్నాను గానీ ఆవిడకీ తల నెరుస్తోంది.

"నిదానం, నాకు చెప్పడానికి మనసొప్పడం లేదు. సోమవారం కీబోర్డు వాయించే ఒకతను కొత్తగా వస్తున్నాడు. బేస్ కూడా ఆ కీబోర్డు మీదే వాయిస్తానంటున్నాడు. అతనితో కుదిరితే ఇక కచేరీలూ అతనితోనే."

"ఆదివారం దాకా ఆగుతావా?"

"ఆదివారం ఏముంది?"

అప్పుడు చెప్పాడు బీరువా సంగతి. పాడే అమ్మాయి నెత్తి కొట్టుకుంది. రగ్గుల మధ్య మైకు పెట్టింది తనే, పెట్టినట్టు తనకే గుర్తులేదు!

ఆదివారం పొద్దున్నే సౌండాయనతో కలిసి ముగ్గురూ మైకులూ తీగలూ మోసుకుని అక్కింటికి వెళ్ళారు. అక్క బజారుకి పోయింది. బావ తలుపు తీసి, విషయం విని, కడుపుబ్బ నవ్వి, లోపలికి రమ్మన్నాడు. సౌండాయన బీరువా తెరిచి బట్టల దొంతర్లు చూసి, "అమ్మో, గుడ్డ మోతని మింగేస్తుంది. మొత్తం ఖాళీ చేయాలి" అన్నాడు. అదిగో, అక్కడ పప్పులో కాలేశాడు. స్టూడియో గోడలకి మెత్తలు పెట్టుకుని బతికే మనిషికి అలా తోచడంలో వింతేమీ లేదులెండి. నలుగురూ కలిసి చీరలూ, దుప్పట్లూ, రగ్గులూ మంచం మీద గుట్ట పోశారు. నిదానం గిటార్ తల తలుపుకి ఆనించి వాయించాడు. ఖాళీ డబ్బాలో గోలీలు దొర్లినట్టు వచ్చింది. ఇంకోసారి, ఇంకో తలుపు. అదే డబ్బా, అవే గోలీలు.

పాడే అమ్మాయి కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడింది. నిదానం తీగల మీదనుంచి చెయ్యి తీసేశాడు. అయిపోయింది, అనుకున్నాడు. రేపటినుంచి సానరాయి పాటే తన పాట.

అప్పుడొచ్చింది అక్క, చేతిలో కూరల సంచితో.

"ఎవడ్రా నా బీరువా దోచింది!"

సౌండాయన గోడకి అతుక్కున్నాడు. బావ నెమ్మదిగా పెరట్లోకి జారుకున్నాడు. నిదానం అక్క ఎదురుగా నిలబడి, పెదాలు కనిపించేలా, ఉన్నదున్నట్టు చెప్పాడు. ఇది రాకపోతే బ్యాండులో తన చోటు పోతుందని కూడా చెప్పాడు.

అక్క సంచి కింద పెట్టింది. "వాయించు" అని, బీరువా తలుపు మీద అరచెయ్యి ఆనించింది.

వాయించాడు.

"ఇది నీ మోత కాదు" అంది అక్క. రగ్గులు తీసుకెళ్ళి అడుగు అరలో కుక్కింది. "ఊఁ, వాయించు." మళ్ళీ చెయ్యి. "ఇంకా కాదు." దుప్పట్లు మధ్య అరలో. చీరలు పైన, కొంచెం ఎడంగా. చెయ్యి ఆనించింది. కళ్ళు మూసుకుంది. బీరువా గుమ్మంది. సౌండాయన చెవులకి తగిలించుకున్న హెడ్‌ఫోన్లు రెండు చేతులతో అదిమిపట్టుకుని, "ఇదే! ఇదే!" అని కేకలు పెట్టాడు. పాడే అమ్మాయి వరండాలోకి వెళ్ళి, కీబోర్డతనికి ఫోను చేసి రావద్దని చెప్పింది.

నిదానం మాత్రం అక్కనే చూస్తున్నాడు.

"నీకెలా తెలుసే?"

"తెలియకేం? చెవికి గోల గానీ చేతికి కాదుగా. నువ్వు వాయించేది నాకు తెలిసేది ఈ తలుపు మీదే. ఊరికే చెయ్యి పెట్టుకుని నిలబడితే నువ్వు ఏడిపిస్తావని బట్టలు ముందేసుకునేదాన్ని."

"మరి పెళ్ళప్పుడు ఇది పట్టుకుపోయావు..."

"నీ పాట నాతో వస్తుందనుకున్నానురా. తీరా వచ్చి చూస్తే ఉత్త బీరువా."

నిదానానికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇంతకాలం ఎన్ని హాళ్ళలో ఎంతమంది ముందు వాయించాడో గానీ, ఎలా ఉందని ఎవర్నీ అడిగిన మనిషి కాదు. ఇప్పుడు అడిగాడు.

"ఎలా ఉంది అక్కా?"

అక్క బీరువాలోంచి శుభ్రంగా మడతపెట్టి ఉన్న దుప్పటి ఒకటి తీసింది. దులిపి మడతంతా విప్పేసింది.

"ఇంకా చాలా మడతపెట్టాలి. కానియ్" అంది.