హొవసాప్ తల్లి పేరు

గోరిస్ అనే కొండపట్నం దగ్గరి మా ఊళ్లో, మా పక్కింటి వర్దితెర్ మామ్మకు పిల్లల్లేరు. ఉన్నదల్లా గోడగూట్లో పట్టుగుడ్డ చుట్టి పెట్టుకున్న పాత చేతిరాత సువార్త. అదే ఆ ఇంటి వేల్పు. ఊళ్లో ఎవరికి జ్వరమొచ్చినా వచ్చి దాని ముందు కొవ్వొత్తి వెలిగించేవాళ్లు. ఆ పాత లిపి మామ్మకు రాదు. చివరి పేజీ మాత్రం అత్తగారు చెప్పగా విని నోటికి నేర్చుకుంది.

అది రాసినవాడి మొర. వందల ఏళ్ల కిందట హొవసాప్ అనే సన్యాసి రాసుకున్నాడు: సిరా గడ్డకట్టింది, వేళ్లు కొంకర్లు పోయాయి, మఠంలో రొట్టె నిండుకుంది, అయినా పూర్తి చేశాను, చదివే పుణ్యాత్ములారా, నా తల్లి మమాఖాతూన్‌ను, తండ్రి తిరాతూర్‌ను, పసితనంలోనే పోయిన చెల్లెలు గోహర్‌ను ఒక్కసారి తలుచుకోండి. అందుకే ఆ ఇంట్లో గుడ్డ విప్పితే ముందుగా ఆ మూడు పేర్లూ పలకాలి. ఓసారి పలక్కుండా విప్పిన పాద్రీనే మామ్మ కడిగిపారేసింది.

తన తర్వాత వాళ్లను తలిచేదెవరన్నదే ఆమె దిగులు. రాజధాని యెరెవాన్‌లోని ప్రదర్శనశాల నుంచి నెల్లీ అనే అధికారి వచ్చి, చివరి పేజీని నేటి భాషలో గోడంత బోర్డు మీద పెడతామని, వేలమంది చదువుతారని చెప్పింది. మామ్మ పుస్తకాన్ని ముద్దుపెట్టుకుని ఇచ్చేసింది.

ప్రదర్శన ప్రారంభం రోజున మామ్మను నేనే వెంట తీసుకెళ్లాను. బోర్డు ముందు జనం చదివి నవ్వుకుంటున్నారు, పక్కన నిలబడి ఫొటోలు దిగుతున్నారు. మామ్మ నన్ను చదివి వినిపించమంది. సిరా గడ్డకట్టింది, వేళ్లు కొంకర్లు పోయాయి, రొట్టె నిండుకుంది. తర్వాత మూడు చుక్కలు. అంతే.

నాకు ఒళ్లు మండింది. నెల్లీని పట్టుకుని అడిగాను. ఆమె మామ్మ వైపు తిరిగి చల్లగా చెప్పింది.

"పేర్లెవరు చదువుతారు మామ్మగారూ? జనానికి నచ్చే ముక్క పెట్టాం. చూడండి, ఎంత ముచ్చటపడుతున్నారో."

"చలేసిందని చెప్పుకోడానికి రాశాడా తల్లీ వాడు?" అంది మామ్మ. "వాడి చలి ఉంచుకుని వాళ్లమ్మను తీసేశారు."

పుస్తకం తిరిగిచ్చెయ్యమంది. అదిక ప్రభుత్వానిదన్నారు. అద్దాల పెట్టెలో అది బొమ్మల పేజీ దగ్గర తెరిచి ఉంది. మామ్మ దాని ముందు నిలబడి మూడు పేర్లూ గట్టిగా పలికింది. కాపలావాడొచ్చి, చూసేవాళ్లకు ఇబ్బందిగా ఉందని మర్యాదగానే బయటికి నడిపించాడు.

ఆ చలికాలం దాటకుండానే మామ్మ పోయింది. బోర్డు మాత్రం అందరికీ తెగ నచ్చిందట. ఇప్పుడా మాటలు కాఫీ కప్పుల మీద అచ్చేసి అమ్ముతున్నారు. హొవసాప్ తల్లికి అక్కడా చోటు దొరకలేదు.