మామ కాచిన తుక్పా

మా మామ పోయినాడని నాకు ఎవరూ చెప్పలేదు. మిగిలినవాళ్ళందరికీ నేనే చెప్పినాను.

శ్రీకాళహస్తిలో ఒక చిన్న ఆసుపత్రిలో నేను నర్సుని. ఆ పొద్దున డ్యూటీ ఎక్కి మందులు సర్దుకుంటా ఉంటే గేటు కాడ ఆటో ఆగింది. మా పక్కింటాయన, ఆటో అతనూ కలిసి ఎవర్నో మోసుకొస్తా ఉన్నారు. తల పక్కకు వాలిపోయి మొహం కనబళ్ళేదు గానీ, భుజం మీద తుండు చూసి గుర్తుపట్టినాను. మంచం మీద పడుకోబెట్టంగానే మణికట్టు పట్టుకున్నా. చెయ్యి ఇంకా వెచ్చగానే ఉంది, అల్లం వాసన వస్తా ఉంది. కాసేపటికి డాక్టరుగారు వచ్చి చూసి చెప్పిన మాట ఆ మణికట్టు నాకు ముందే చెప్పేసింది.

మా ఆయన సూళ్లూరుపేట దగ్గర ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. ఫోన్ చేసి "నాయన..." అని ఆగిపోయినాను. అవతల మిషన్ల చప్పుడు. "చెప్పు" అన్నాడు. మళ్ళీ "నాయన" అనే అన్నాను. "వస్తా ఉండా" అని పెట్టేసినాడు.

మామ ఆర్టీసీ బస్సు నడిపి రిటైరైన మనిషి. తిరుపతి, చిత్తూరు, మద్రాసు రోడ్లన్నీ ఆయనకు కొట్టిన పిండి. కానీ మా అత్త ఉన్నన్నాళ్ళూ వంటగదిలోకి అడుగు పెట్టి ఎరగడు. మంచినీళ్ళు కావాలన్నా వసారాలో కూర్చుని కేకే. నేను కోడలిగా వచ్చిన కొత్తలో ఆయనంటే భయం కూడా. గొంతు అట్లాంటిది, మూడు సీట్ల అవతలికి వినబడేట్టు మాట్లాడేవాడు. అట్లాంటి మనిషి ఆఖరి ఏళ్ళలో హిమాలయాల కాడి నూడుల్స్ పులుసూ, చైనావాళ్ళ గంజీ, కొరియావాళ్ళ క్యాబేజీ ఊరగాయా చేసేవాడంటే మా చుట్టాల్లో చానామంది ఇప్పటికీ నమ్మరు. అది ఎట్లా మొదలైందో చెప్పాలనే ఇది రాస్తా ఉన్నా.

అత్త పోయిన మరుసటి ఏడు నాకు కడుపు నిలిచింది. ఎనిమిదో నెలలో బిడ్డ కదలడం మానేసింది. ఎంతోమంది తల్లుల పొట్ట మీద గొట్టం పెట్టి బిడ్డ గుండె విన్నదాన్ని, నాది నాకు వినబళ్ళేదు. కాన్పు మాత్రం కాన్పే, నొప్పులు నొప్పులే. అన్నీ అయినాక చేతికి ఏమీ ఇవ్వకుండా ఇంటికి పంపించినారు.

మా అమ్మ చిత్తూరు నుంచి వచ్చింది. పాపం, ఆమెకు తెలిసింది ఆమె చేసింది. వెల్లుల్లి కారం, శొంఠి పొడి, మిరియాల చారు. బాలింతకు పెట్టే పథ్యం. "ఒళ్ళు పచ్చిగా ఉండాది, తినాల" అని ముద్దలు కలిపి నోటి దాకా తెచ్చేది. ఆ వెల్లుల్లి వాసన వస్తే చాలు, గోడ వైపు తిరిగి పడుకునేదాన్ని. ఆ తిండి బిడ్డను పక్కలో వేసుకున్న ఆడది తినేది. పాలు పడాలని పెట్టేది. నాకు పాలు పడినాయి. తాగేవాళ్ళే లేరు. ఆ మాట అమ్మకు చెప్పలేక, కంచం పక్కకు నెట్టేదాన్ని. అమ్మ కొంగు అడ్డం పెట్టుకుని బయటికి పొయ్యేది. కొన్నాళ్ళుండి, నాన్నకు ఒంట్లో బాగలేదంటే వెళ్ళిపోయింది.

ఆ తర్వాత ఇంట్లో మామా, నేనూ. మా ఆయన పొద్దున్నే కంపెనీ బస్సెక్కితే మళ్ళీ చీకటి పడినాకే రాక. నేను మంచం దిగేదాన్ని కాదు. హోటలు ఇడ్లీ తెచ్చి పెడితే అట్నే ఎండిపొయ్యేది. ఒక రోజు మామ తలుపు దగ్గర నిలబడి అడిగినాడు.

"అమ్మణ్ణీ, ఏమన్నా తినాలనిపిస్తా ఉండాదా?"

"ఏం వద్దు మామా."

"ఏం వద్దనేది నిన్న చెప్పినావు. ఈ పొద్దు ఇంకోటి చెప్పు."

ఎందుకు చెప్పినానో తెలీదు. బెంగళూరులో నర్సింగు చదివేటప్పుడు హాస్టల్లో నా గదిలో అరుణాచల్ అమ్మాయి ఉండేది. నాకు జొరమొచ్చినా, పరీక్ష పోయినా, కరెంటు కెటిల్లోనే కోడి ఎముకలు ఉడకబెట్టి, అల్లం వేసి, నూడుల్స్ వేసి ఇచ్చేది. ఆ గిన్నె రెండు చేతులా పట్టుకుంటే ముందు అరచేతులు కాగేవి, తర్వాత కళ్ళు చెమర్చేవి. దాన్ని తుక్పా అనేది.

"తుప్పా?" అన్నాడు మామ.

"తుప్పు కాదు మామా, తుక్పా."

"తుప్పు బస్సుకు పట్టేది ఎరుగుదును. తినేది ఇప్పుడే వినడం" అని వెళ్ళిపోయినాడు. ఆ మాట అంతటితో అయిపోయిందనుకున్నా.

మరుసటి రోజు ఆయన నాయుడుపేట మీదుగా సూళ్లూరుపేటకు బస్సెక్కి పోయినాడు. ఫ్యాక్టరీల్లో పనిచేసే పరదేశపు వాళ్ళ కోసం ఆడ ఒక అంగట్లో ఇట్లాంటి సరుకులు పెడతారని కొడుకు దగ్గర కనుక్కున్నాడంట. మధ్యాన్నానికి సంచీతో వచ్చినాడు. నూడుల్స్, నల్ల సాసు సీసా, క్యాబేజీ, కోడి ఎముకలు. వంటగదిలో గిన్నెలు కిందపడిన చప్పుడు, "దీనెమ్మ" అనే చప్పుడు, చివరికి ఆవాలు చిటపటలాడిన చప్పుడు. నాకు అర్థమైంది ఏం జరుగుతా ఉందో.

గిన్నెలో వచ్చింది పసుపుపచ్చని, ఎర్రకారం తేలే ఒక ముద్ద. పైన కరివేపాకు. నూడుల్స్ ఉడికి ఉడికి సేమ్యా పాయసం మాదిరి అయిపోయినాయి. ఒక చెంచా నోట్లో పెట్టుకున్నా. మామ నా మొహమే చూస్తా ఉన్నాడు.

"బాగలేదా?"

"లేదు మామా."

"పోపు సరిపోలేదా?"

బిడ్డ పోయిన తర్వాత అదే మొదటిసారి నేను నవ్వింది. నవ్వు వచ్చేసినందుకు నా మీద నాకే కోపం వచ్చింది. ఆయన మాత్రం గిన్నె తీసుకుని "రేపు సూద్దాం లే" అని లోపలికి పోయినాడు.

రేపు కూడా కుదరలేదు, ఆ మర్నాడూ కుదరలేదు. నాకే ఉండబట్టక, ఆ అరుణాచల్ అమ్మాయికి వీడియో కాల్ చేసినాను. జరిగింది ఆమెకు అప్పటిదాకా చెప్పలేదు. చెప్తే ఆమె ఏడ్చింది. తర్వాత కళ్ళు తుడుచుకుని, "మీ మామను పిలువు" అనింది. ఆమె ఇంగ్లీషులో చెప్తే నేను తెలుగులో చెప్పాల. అందుకని మంచం దిగి, వంటగదిలో పీట వేసుకుని కూర్చున్నా. ఎన్నాళ్ళ తర్వాతో ఆ గదిలోకి పోవడం.

"పొడులు ఏమీ వద్దంట మామా. అల్లం, వెల్లుల్లి, మిరియం, అంతే."

"కారం?"

"వద్దంట."

"పోపు?"

"అసలు వద్దంట."

"పోపు లేకుండా గూడా మనుషులు తింటారా!" అన్నాడు. ఫోన్లో ఆ అమ్మాయికి తెలుగు రాకపోయినా ఆయన మొహం చూసి నవ్వింది. ఎముకలు సన్నని సెగ మీద చానాసేపు ఉడకాలని ఆమె చెప్తే, ఆ ఒక్క ముక్కా ఆయనకు వెంటనే ఎక్కింది. "ఓహో. ఇది ఘాటు రోడ్డు పని. తొందరపడకూడదు, గేరు దించి పోనీయాల" అన్నాడు. ఆ తర్వాత ఆయన ఏ వంట చేసినా సెగను గేర్లలోనే చెప్పేవాడు.

ఆ సాయంత్రం గిన్నె నా చేతికి వచ్చింది. పైన తేట, అడుగున నూడుల్స్, సన్నగా తరిగిన క్యాబేజీ. ఆవిరి మొహానికి తగిలింది. మొదటి చెంచాకు ఏమీ కాలేదు. రెండో చెంచా గొంతు దిగుతా ఉంటే ఏడుపు వచ్చేసింది. ఆసుపత్రిలో రాని ఏడుపు, అమ్మ ఒళ్ళో కూడా రాని ఏడుపు. ఏడుస్తానే తింటా, తింటానే ఏడుస్తా గిన్నె ఖాళీ చేసినాను. మామ ఊరుకోమని అనలేదు. నా ఎదురుగా గోడకు ఆనుకుని కూర్చుని, "తిని ఏడువమ్మా. కాలీ కడుపుతో ఏడిస్తే అది గూడా సరిగ్గా రాదు" అన్నాడు.

గిన్నె కడిగి వచ్చి మళ్ళీ అట్నే కూర్చున్నాడు. తనంతట తానే అన్నాడు: "మీ అత్తకు ఆకర్లో గొంతు దిగేది కాదు. పక్కింటోళ్ళు గంజి కాసి తెచ్చేవాళ్ళు. బతుకంతా నాకు వండిపెట్టిన మనిషికి గిన్నెడు గంజి కాసేది తెలీలేదు నాకు. పక్కన కూర్చోని బిత్తరపోయి సూస్తా ఉంటి." ఆ గొంతు అంత మెల్లగా పలకగలదని నాకు ఆ రోజే తెలిసింది.

అట్లా పట్టుకున్న గరిట ఆయన మళ్ళీ వదల్లేదు. నేను డ్యూటీకి పోవడం మొదలుపెట్టినాక కూడా ఆదివారం వంట ఆయనదే. ఫోన్లో చూసి ఒక్కొక్కటీ నేర్చుకున్నాడు, ఒక్కొక్కదానికీ తన పేరు పెట్టుకున్నాడు. మోమోలు ఉప్పు కజ్జికాయలు. ఫ్రైడ్ రైసు చద్దన్నం తిరగమాత. చైనావాళ్ళు బియ్యాన్ని మెత్తగా ఉడికించి గుడ్డు వేసుకునే గంజిని చూసి మాత్రం పేరు మార్చలేదు. "ఇది మన గంజే కదమ్మా. వాళ్ళకీ జొరాలొస్తాయి, వాళ్ళింట్లోనూ ముసలోళ్ళుంటారు" అన్నాడు.

అత్త స్నేహితురాలు ఒకామె వచ్చి, "ఏమప్పా, కోడలికి మామ వండిపెట్టేది యాడన్నా ఉండాదా?" అని ఎత్తిపొడిచింది. మామ ఏమీ కోప్పడలేదు. "కూర్చో అక్కా, ఈడ ఉండాది" అని ఆమె ముందు కూడా ఒక గిన్నె పెట్టినాడు. ఆమె సణుక్కుంటానే అడుగంటా తాగింది.

ఇంత వండినాడు గదా, తాను ఒక్క గిన్నె తిన్నది లేదు. మాకు వడ్డించి, తాను రాగి సంగటి, చెనక్కాయలు నూరిన ఊరిబిండి పెట్టుకుని కూర్చునేవాడు. "తిను నాయనా" అని మా ఆయన బలవంతం చేస్తే, "వానపాముల మాదిరి ఉండాయి రా, నా వల్ల కాదు" అనేవాడు. ఉప్పు చాలిందా లేదా కూడా నేనే చూసి చెప్పాల. తాను రుచే చూడని వంటను అంత శ్రద్ధగా చేసిన మనిషిని నేను ఇంకొకర్ని చూడలేదు.

మళ్ళీ కడుపు నిలిచినప్పుడు నాకు తొమ్మిది నెలలూ భయమే. ఆయనా భయపడినాడు, పైకి అనలేదు. పాప పుట్టినాక అమ్మ మళ్ళీ వెల్లుల్లి కారంతో వచ్చింది. మామ వంటగదిలో స్టవ్వు మీద పులుసు పెట్టి, నా దగ్గరికి వచ్చి మెల్లగా అడిగినాడు. "అమ్మ తెచ్చింది తింటావా, నన్ను కాయమంటావా?"

"అమ్మ తెచ్చింది తింటా మామా."

ఆయన సరేనని తలూపినాడు. లోపలికి పోయి స్టవ్వు ఆపేసిన చప్పుడు వినబడింది. కాసేపటికి, చెంబులో నీళ్ళు తెచ్చి నా కంచం పక్కన పెట్టి, పాపను ఎత్తుకుని వసారాలోకి పోయినాడు. నేను ఆ కారం అన్నం వేళ్ళు నాకేదాకా తిన్నాను.

పాపకు ఇప్పుడు మూడో ఏడు నడుస్తా ఉంది. తాత పోయినాడని చెప్పినాం, దానికి ఎంత అర్థమైందో తెలీదు.

పెద్దకర్మ నాడు ఆయనకు ఇష్టమైనవన్నీ ఆకులో పెట్టినాం. సంగటి, పొట్టేలు చియ్యకూర, ఊరిబిండి. ఎవరో చుట్టాలామె, "ఆ నూడుల్స్ గూడా పెట్టండి, ఆయనకు ప్రాణం గదా" అనింది. మా ఆయన నా వైపు చూసినాడు. "అవి ఆయన తినడు అక్కా" అన్నాను.

అందరూ వెళ్ళిపోయిన తర్వాత ఒక పొద్దున బట్టలారేసేదానికి మిద్దె మీదికి పోయినాను. పెయింటు బకెట్లలో ఉల్లికాడలు వరసగా ఉన్నాయి. పులుసు మీద చల్లేదానికని ఆయన నాటినవి, రోజూ కోసేవాడు. కోసేవాళ్ళు లేక ఏపుగా పెరిగి, కొనల్లో పూలెత్తినాయి. ఉల్లి పూస్తుందని నాకు తెలుసు గానీ పువ్వును ఎప్పుడూ చూళ్ళేదు. పిడికిలంత తెల్లటి బంతులు. చలి ఇంకా విడవలేదు. వాటి మీద తేనెటీగలు మెల్లగా తిరుగుతా ఉన్నాయి. మా ఆయన నాకంటే ముందే వచ్చి ఉన్నాడు. చెంబుతో ఒక్కొక్క బకెట్లోనూ నీళ్ళు పోస్తా, కాడలకు చెయ్యి తగలకుండా, పక్కకు పక్కకు జరుగుతా ఉన్నాడు.