ఫిలిం చూసిన జ్యోతిష్యుడు

నిన్న పొద్దున బొమ్మనహళ్ళిలో మా వీధి చివర టీ అంగడి ముందు నిలబడి ఉంటే, పక్కింటాయన ఫోనులో ఏదో వార్త చదివి నా భుజం తట్టాడు. "అన్నా, చిన్నపిల్లల క్యాన్సరుకు స్కానింగు చూసి, ఆపరేషన్ ఎట్లయితాదో కంప్యూటరే ముందుగా చెప్తాదంట. అచ్చం జాతకం మాదిరే!" ఆ చివరి మాటకు నా నోట్లో టీ చేదయింది. ఆయన తప్పేమీ లేదు. ఆయనకు మా బామ్మర్ది సంగతి తెలియదు.

మా మనవరాలు బడిలో చేరక ముందటి మాట. స్నానం చేయిస్తుంటే దాని కడుపులో గట్టిగా ఏదో మా కూతురి చేతికి తగిలింది. ఆసుపత్రిలో స్కాన్ తీసి, కిడ్నీలో క్యాన్సర్ గడ్డ అన్నారు. ఫిలిం పెద్ద కవరులో పెట్టి ఇచ్చారు. మా వాళ్ళకొక అలవాటుంది: డాక్టరు చెప్పింది చాలదు, ఇంటికి వచ్చిన ప్రతివాడూ ఫిలిమును కిటికీకి అడ్డం పెట్టి, ఒక కన్ను మూసి, పెదవి విరవాలి. పాలాయన కూడా విరిచాడు. మా ఆవిడైతే ఉప్పూ మిరపకాయలతో ఆ ఫిలిముకే దిష్టి తీసింది. ఆ ఘాటుకు మేమంతా దగ్గుతుంటే పిల్ల మాత్రం పకపకా నవ్వింది.

గడ్డ పెద్ద రక్తనాళాన్ని ఒరుసుకుని ఉందనీ, ఇప్పుడే కోస్తే చితికి లోపల చిందవచ్చనీ, మందులతో కుదించి మళ్ళీ స్కాన్ చూసి కోద్దామనీ డాక్టరమ్మ చెప్పింది. ఎట్లా చేసినా ఆ కిడ్నీ దక్కదంది. ఇందులో మా బామ్మర్దికి వినబడింది "కోస్తే కష్టం" అన్న ముక్క ఒక్కటే. నాకు చెప్పకుండా కవరు చంకన పెట్టుకుని మడివాళలో ఎవరో జ్యోతిష్యుడి దగ్గరికి పోయాడు. ఆ మహానుభావుడు పుట్టిన తేదీ అయినా అడగలేదు. ఫిలిమునే లైటుకు పెట్టి చూశాడట!

"కత్తి తగిలితే బిడ్డ దక్కదంట బావా. అందులోనే రాసి ఉండాదంట. ఊరికి తీసకపోయి ఆకుమందు ఇప్పిద్దాం."

మందులు మొదలుపెట్టడానికి ఆసుపత్రివాళ్ళు రమ్మన్నది ఆ మరునాడే. కూతురు నా ముఖం చూసింది. అల్లుడు నేల చూశాడు. నేను బడికి పోయింది తక్కువ. లారీ తోలుతూ దారి పక్క బోర్డులు చూసి అక్షరాలు నేర్చుకున్నవాణ్ణి. నాకు తెలిసిన చదువే చెప్పాను.

"ముందర గుంత ఉండాదని క్లీనరు అరిస్తే లారీ దిగి పారిపోతావా, తప్పించి తోలతావా?"

"నువ్వేమన్నా డాక్టరువా బావా?"

"కాదప్పా. అందుకే డాక్టరు దగ్గరికి పోతా ఉండేది. ఆ కవరు ఇట్లియ్యి!"

ఇచ్చాడు. మందులు పడేకొద్దీ పిల్ల జుట్టంతా రాలింది, అన్నం సయించలేదు. మా బామ్మర్ది వచ్చినప్పుడల్లా నిట్టూర్చాడు. తరువాత తీసిన స్కానులో గడ్డ కుంచించుకుని రక్తనాళానికి ఎడంగా జరిగింది. డాక్టరమ్మ రెండు ఫిలిములూ పక్కపక్కన పెట్టి, "ఇప్పుడు దారి కనిపిస్తా ఉంది తాతా. బాగానే అవుతాదని నా నమ్మకం. గ్యారంటీ మాత్రం అడగొద్దండి," అంది. ఆపరేషన్‌లో గడ్డ చితకకుండా వచ్చింది. చెప్పినట్లే కిడ్నీ పోయింది. "చూసినావా బావా, నష్టం ఉండాదని మడివాళ ఆయప్ప అప్పుడే అన్లేదా!" అన్నాడు మా బామ్మర్ది. వాణ్ణి ఆసుపత్రి మెట్ల మీదనే తిట్టాను. ఇప్పటికీ తిడతాను.

టీ గ్లాసు పెట్టేసి ఇంటికొచ్చి ఆ ఫిలిములు తీశాను. మనవరాలు, ఇప్పుడు నా భుజం దాటింది, వాటిని లాక్కుని కిటికీకి పెట్టి, ఒక కన్ను మూసి, పెదవి విరిచింది. "ఇదంతా నేనేనా తాతా?" అప్పటి నువ్వమ్మా, అన్నాను. జాతకం పుట్టిన గడియ దగ్గర నిలిచిపోతుంది, ఫిలిం తీసిన రోజు దగ్గర నిలిచిపోతుంది. కాలం మాత్రం రెండో ఫిలిం తీయించుకునేదాకా మొండిగా నిలబడినవాళ్ళ వెంట నడుస్తుంది.