కాటా మీద సోమవారాలు

తిరుపతి బస్సులో నా పక్కన తల్లీకూతుళ్లు వచ్చి కూర్చున్నారు. అప్పుడే కొండ దిగి వచ్చినట్టున్నారు, ఇద్దరి గుండ్ల మీదా గంధం ఇంకా ఆరలేదు. ఆ వాసన తగలగానే నా చెయ్యి నాకు తెలియకుండానే తల మీదికి పోయింది. తిరుపతిలో బతికే నాలాంటివాళ్లకు గంధం వాసన రోజూ ఉండేదే. నాకు మాత్రం దాంతో గ్రేసమ్మ మేడం గుర్తొస్తుంది.

ఆమె చిత్తూరులో మా ఆడపిల్లల క్రీడా హాస్టల్లో కబడ్డీ నేర్పేది. పొట్టి మనిషి, మాట తక్కువ. నవ్వితే మేము ఆ రోజంతా చెప్పుకునేవాళ్లం. మా జట్టుకు బరువు హద్దు ఉండేది. హద్దు దాటితే జట్టులో చోటు లేదు, జట్టులో లేని పిల్లకు హాస్టల్లో సీటు లేదు. సీటు పోతే నేను చదువు మానేసి, నగరి దగ్గర మా ఊళ్లో నాయన పక్కన మరమగ్గం ముందు నిలబడాల్సిందే. అందుకని ప్రతి సోమవారం పొద్దున స్టోరు గదిలో బియ్యం తూచే కాటా మీద మమ్మల్ని నిలబెట్టి తూచేది మేడం.

ఇంటర్ మొదటి ఏడు వానలు మొదలైనప్పటి నుంచి నా బరువు పెరగసాగింది. ఎందుకో నాకే తెలియదు. ఎండలో కూడా చలి వేసేది. మధ్యాహ్నం క్లాసులో కళ్లు మూతలు పడేవి. దువ్వెన నిండా వెంట్రుకలు వచ్చేవి. హాస్టలు నీళ్లని తిట్టుకున్నాను తప్ప వీటన్నిటినీ ఒకచోట చేర్చి ఆలోచించలేదు.

"ఏం తింటా ఉండావు మే, దాచకుండా చెప్పు" అంది మేడం ఒక సోమవారం.

"ఏమీ తినలే మేడం."

"తినకుండానే పెరగతా ఉండాదా?"

రాత్రి పూట నాకు సంగటి సగం ముద్దే పెట్టమని వంటామెకు చెప్పింది. పొద్దున్నే మైదానం చుట్టూ అదనంగా పరిగెత్తించింది. కాళ్లు సీసం పోసినట్టుండేవి. అయినా కాటా ముల్లు వెనక్కి రాలేదు. ఒక సాయంత్రం అందరూ చూస్తుండగా నా ట్రంకు పెట్టె తెరిపించింది. లోపల మురుకులూ లేవు, మిఠాయిలూ లేవు. ఏమీ దొరకనందుకు నన్ను మరీ గడుసుదాన్ని అనుకున్నారు. ఆ రాత్రి ఆ సగం ముద్ద కూడా వంటామెకే తిరిగి ఇచ్చేశాను.

మా అమ్మకు తెలిసి, ఈ గండం గట్టెక్కితే ఇద్దరం తలనీలాలు ఇస్తామని మొక్కుకుంది. గట్టెక్కేదాకా ఆగడమెందుకు, ముందే ఇచ్చేద్దామని తొందర పెట్టింది నేనే. స్వామికి చెప్పకూడని లెక్క ఒకటి నా మనసులో ఉంది. నా జడ నడుము దాకా ఉండేది, అది పోతే కాస్తయినా బరువు తగ్గుతుంది కదా అనుకున్నాను. ఇద్దరం కొండకు పోయి ఇచ్చి వచ్చాక, గుండుతో, గంధంతో కాటా ఎక్కాను. ముల్లు పోయిన వారం ఉన్న చోటే ఆగింది. పిల్లలు కిసుక్కున నవ్వారు. మేడం నవ్వలేదు, అంకె రాసుకుని నా గుండు వంక చూసింది.

గుండు చేయించుకుని రెండు నెలలు దాటింది, జట్టు ఎంపికల రోజు దగ్గర పడింది. ఒక ఆదివారం అమ్మ నన్ను చూడడానికి వచ్చింది. గేటు దగ్గర మాట్లాడుకుంటూ ఉంటే మేడం వచ్చి నిలబడింది. సీటు పోయిందని చెప్పడానికే వచ్చిందనుకుని అమ్మ చెయ్యి గట్టిగా పట్టుకున్నాను.

"అమ్మా, ఆ కొంగు రవ్వంత తియ్యి" అంది మేడం.

అమ్మ బిత్తరపోయి తల మీది కొంగు తీసింది. మేడం ఒక చెయ్యి అమ్మ తల మీద, ఇంకో చెయ్యి నా తల మీద పెట్టింది. అమ్మ తల నిండా నల్లగా వెంట్రుకలు లేచాయి. నా తల మీద అక్కడక్కడా గరుకుగా నాలుగు మొలకలు, మిగిలిందంతా బోడి.

"ఇద్దరూ ఒకే పొద్దు ఇచ్చినారు గదా. నీకు యాడ మే వెంట్రుకలు?"

ఆ అడగడంలో కోపం లేదు. నా మొహం వెలుతురులోకి తిప్పి, గుటక మింగమని, గొంతు మీద వేలు పెట్టి చూసింది. మరునాడు తనే పెద్దాసుపత్రికి తీసుకుపోయి రక్తం తీయించింది. థైరాయిడ్ అన్నారు, బరువూ చలీ నిద్రా జుట్టు రాలడమూ అన్నీ దానివల్లేనట. రోజూ పరగడుపున మాత్ర వేసుకోవాలి, ఒళ్లు దారికి రావడానికి నెలలు పడుతుంది అన్నారు. ఎంపికలకు మాకు అన్ని నెలలు లేవు.

మర్నాడు పొద్దున మేడం మమ్మల్ని వరసలో నిలబెట్టి నన్ను ముందుకు పిలిచింది. ఇక పంపించేస్తుందనుకున్నాను.

"ఈ పిల్ల అబద్ధం చెప్పలే. నేనే నమ్మలే. మీ అందరి ముందర దీని పెట్టె తెరిపించినాను, అందుకే మీ అందరి ముందరే చెప్తా ఉండాను. తప్పు నాది."

జట్టులో నా చోటు ఇంకొకరికి పోయింది, మళ్లీ ఎప్పుడూ నాకు రాలేదు. సీటు తీసేయమని పైవాళ్లు అంటే, "జబ్బు పిల్లను పరిగెత్తించిన నన్ను ముందు తీసేయండి" అని మేడం వాళ్లతో పోట్లాడిందట. సీటు నిలిచింది. నేను చదువుకున్నాను.

ఇప్పుడు నేనూ పిల్లలకు ఆట నేర్పుతున్నాను. కోపం నాకూ ఎక్కువే, తొందరపడి మాట అనేస్తాను. తప్పు నాదని తెలిసిన రోజు ఆ పిల్లను గదిలోకి పిలిచి చెబితే సరిపోతుంది కదా అనిపిస్తుంది. కానీ అందరిలో అన్న మాటను అందరిలోనే వెనక్కి తీసుకుంటాను. ప్రతిసారీ మాట తడబడుతుంది. ఆ పొద్దున మేడం మాట తడబడిందో లేదో నాకు తెలియదు. నా ఏడుపులో ఆమె మాటలే చెవిన పడ్డాయి, గొంతు గమనించలేదు.