మునెమ్మ ఆవుకు ఫోటో

యుద్ధం రోజుల్లో, మదనపల్లె ఆస్పత్రిలో ఉన్న మా బావను చూడడానికి విజయనగరం నుంచి బయల్దేరాను. కుప్పంలో రైలు దిగి బస్సెక్కాను. అప్పట్లో పెట్రోలు దొరక్క బస్సులు బొగ్గు గ్యాసుతో నడిచేవి. పుంగనూరు దాటాక ఒక పల్లెలో బొగ్గు వెయ్యడానికి ఆపి, అరగంట పడుతుందన్నారు.

నా భుజాన బాక్సు కెమెరా ఉంది. గుమాస్తా ఉద్యోగం మానేసి ఫోటో స్టూడియో పెట్టాలని రెండేళ్లుగా ఆశ. కొండల్నీ చెట్లనీ తీశాను గానీ, అడిగిన మనిషికి తీసివ్వాలంటే భయం. చెడిపోతే నవ్వుతారు కదా!

మునెమ్మ అనే ముసలావిడ కెమెరా చూసి, "అప్పా, నాకొక పొటో తీస్తావా?" అంది. అక్కడ మగవాళ్లను అలా పిలుస్తారు గానీ, మా వైపు అప్ప అంటే అక్క. నవ్వు ఆపుకుని, "సరిగ్గా రాకపోతేనో?" అన్నాను.

"రాకుంటే ఇంగోటి తియ్యి. దానికి యాల భయపడతాండావు?" అంటూ ఇంట్లోకి పోయింది.

మంచి చీర కట్టుకొస్తుందనుకున్నాను. నా నడుమెత్తు కూడా లేని తెల్లావుకు బొట్టుపెట్టి తోలుకొచ్చింది! తను పక్కకు జరిగి, "నన్నెవురు సూస్తారు? మా లచ్చిమిని తియ్యప్పా!" అంది.

మీట నొక్కేశాను. అంతే, ఊరంతా మూగింది. "మా ఎద్దును తియ్యప్పా!", "మా దూడను!" డ్రైవరు హారను కొడుతూనే ఉన్నాడు, నేను రీలు అయిపోయేదాకా తీస్తూనే ఉన్నాను.

మదనపల్లెలో కడిగిస్తే ఎనిమిదింటిలో ఐదు బాగా వచ్చాయి. లచ్చిమి అయితే కనురెప్పలతో సహా పడింది! ఆ ఫోటో మునెమ్మకు పంపడానికి పోస్టాఫీసుకు వెళ్లి, అక్కడే నిలబడి రాజీనామా ఉత్తరం రాసి డబ్బాలో వేశాను.